దిగుతుంది, ఎక్కదు: పాత కారు పవర్ విండో స్విచ్ పని డైరీ

జూన్ 8, ఆదివారం

అమ్మని అరసవల్లి తీసుకెళ్లాను. ఆదివారం కదా, జనం బాగా ఉన్నారు, దర్శనం అయి బయటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. కారులో కూర్చోగానే ఉక్కగా ఉందని అమ్మ తన వైపు గ్లాసు దించింది, ఇంకా మెయిన్ రోడ్డు కూడా ఎక్కలేదు, ఈదురుగాలి లేచింది, వెనకే వాన. అమ్మ బటన్ నొక్కుతూనే ఉంది. "ఒరే, ఇది రావట్లేదురా, ఏటైందో సూడు" అంది. డ్రైవర్ డోర్ మీద నాలుగు స్విచ్‌లూ ఉంటాయి కదా, నా వైపు నుంచి నేనూ నొక్కాను, ఎక్కలేదు. కిందకి నొక్కి చూస్తే మాత్రం మిగిలిన రెండు అంగుళాలు కూడా హాయిగా దిగిపోయింది. ఇంటి దాకా అమ్మ లోపల నుంచే గొడుగు తెరిచి కిటికీకి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఒక పక్క చీరంతా తడిసిపోయింది, ప్రసాదం కవర్ మాత్రం ఒళ్లో దాచుకుంది.

నాకు చాలా బాధనిపించింది. ఈ కారు విండోలు ఏడాది నుంచీ మొరాయిస్తున్నాయి, రెండు మూడు సార్లు నొక్కితే పని చేస్తుంది కదా అని నేను నెట్టుకొచ్చాను. ఇక వాయిదా వద్దు, మొదటి నుంచి చివరి దాకా నేనే చేసి ఏ రోజుది ఆ రోజు రాసి పెడదాం అనుకుని మొదలెట్టాను.

కారు గురించి రెండు మాటలు. 2008 మోడల్ పెట్రోల్ బండి. మావయ్యది. ఆయన ఉద్దానంలో ఉంటారు, పలాస అవతల సముద్రం వైపు, చుట్టూ జీడితోటలు కొబ్బరితోటలు. 2020లో నాకు ఇచ్చేశారు, 2023లో పదిహేనేళ్లు నిండితే రెన్యూవల్ చేయించి ఇంకో 5 ఏళ్లు తెచ్చుకున్నాను. ఇంజిన్ ఇప్పటికీ గడియారంలా నడుస్తుంది, అందుకే అమ్మబుద్ధి కాలేదు.

ఆ రాత్రే చేయాల్సిన పని ఒకటి ఉంది, గ్లాసు దిగిపోయిన కారుని వానలో అలా వదిలేయలేం. పోర్టికోలో పెట్టి ఎడమ ముందు డోర్ ప్యాడ్ విప్పాను, హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, ఆర్మ్‌రెస్ట్ కింద రెండు, మిగతావి ప్లాస్టిక్ క్లిప్పులు. మోటారు కప్లర్ (వైర్లు వచ్చి కలిసే ప్లగ్గు) పీకేసి బ్యాటరీ నుంచి రెండు వైర్లు, మధ్యలో ఒక ఫ్యూజ్ పెట్టి డైరెక్ట్‌గా తగిలించాను. గ్లాసు ఎక్కేసింది. కాబట్టి మోటారు బతికే ఉంది. ప్యాడ్ ఊరికే ఆనించి లోపలికి వచ్చేశాను. ఒక్క విషయం మాత్రం రాసుకుంటున్నాను, డోర్ వేస్తున్నప్పుడు లోపల నీళ్లు గళగళ మన్నాయి. వాన నీళ్లేలే అనుకున్నాను.

జూన్ 10, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని కాగితం మీద వైరింగ్ గీసుకున్నాను. స్విచ్ విప్పే ముందు ఏ స్విచ్ విప్పాలో తెలియాలి కదా, చాలా మంది ఎటువైపు గ్లాసు ఎక్కకపోతే అటువైపు స్విచ్ కొనేస్తారు, అది మార్చాక కూడా ఎక్కకపోతే అప్పుడు మోటారు మారుస్తారు. ఇంత డబ్బు దండగ అవ్వకుండా నొక్కి చూసి కనిపెట్టొచ్చు, నిజంగా.

మా కారు లాంటి పాత బండ్లలో ఎలా ఉంటుందంటే, మోటారుకి రెండే వైర్లు. ఒకటి "ఎక్కే వైరు", ఇంకోటి "దిగే వైరు" అనుకుందాం. ఎక్కే వైరుకి ప్లస్, దిగే వైరుకి ఎర్త్ (అంటే కారు బాడీ, బ్యాటరీ మైనస్ వైపు) ఇస్తే గ్లాసు పైకి. తిప్పి ఇస్తే కిందకి. ఎవరూ నొక్కనప్పుడు రెండు వైర్లూ ఎర్త్‌లోనే కూర్చుని ఉంటాయి, ఇదే అసలు కీలకం. స్విచ్ నొక్కితే ఒక వైరు ఎర్త్ వదిలేసి ప్లస్‌కి వెళ్తుంది, రెండోది ఉన్నచోటే ఎర్త్‌లో ఉండి కరెంటుకి తిరుగు దారి ఇస్తుంది.

ఇప్పుడు ఎడమ సీటు స్విచ్ సంగతి. దానికి సొంతంగా ఎర్త్ లేదు. దాని ఎర్త్ డ్రైవర్ డోర్‌లో ఉన్న మెయిన్ స్విచ్ లోపల నుంచి వస్తుంది. అమ్మ తన బటన్ నొక్కినా సరే కరెంటు అమ్మ స్విచ్‌లో మొదలై మోటారు తిరిగి, మళ్లీ వెనక్కి నా డోర్‌లోని మెయిన్ స్విచ్‌కి వచ్చి అక్కడ ఎర్త్‌లోకి దిగుతుంది. అంటే మెయిన్ స్విచ్‌లో ఒక్క కాంటాక్ట్ చెడితే అవతలి డోర్ గ్లాసు ఆగిపోతుంది, అవతలి స్విచ్ కొత్తది వేసినా లాభం లేదు.

మన కేసు చూద్దాం. పైకి, ఇద్దరి స్విచ్‌లతోనూ పోవట్లేదు. కిందకి, ఇద్దరి స్విచ్‌లతోనూ వస్తోంది. కిందకి వస్తోంది కాబట్టి ఫ్యూజ్, మోటారు బాగున్నాయి. నా స్విచ్ నుంచి కిందకి వస్తోంది అంటే నా స్విచ్ ఇచ్చిన ప్లస్ దిగే వైరులో వెళ్లి, అమ్మ స్విచ్ లోపల ఊరికే కూర్చున్న కాంటాక్ట్ గుండా దాటి మోటారుకి చేరుతోంది, కాబట్టి ఆ వైరూ బాగుంది అమ్మ స్విచ్‌లో ఆ కాంటాక్టూ బాగుంది. ఇక మిగిలింది ఒక్కటే, మెయిన్ స్విచ్‌లో దిగే వైరుని ఎర్త్‌లో పట్టుకుని ఉంచే కాంటాక్ట్. పైకి వెళ్లేటప్పుడు మాత్రమే దాని అవసరం పడుతుంది. రాత్రి పదిన్నరకి ఈ లెక్క తేలింది, ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఒక్క స్క్రూ విప్పకుండా పది పన్నెండు కాంటాక్టుల్లో నేరుగా ఒకదాని మీదకి వేలు వెళ్లింది.

ఇంకోటి, ఇదంతా చూసే ముందు విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో చూసుకోవాలి. పిల్లలు ఉన్న ఇంట్లో మొదట చూడాల్సింది అదే.

జూన్ 14, శనివారం

బ్యాటరీ మైనస్ తీసేసి పని మొదలు. మా అబ్బాయి ఫోన్ టార్చ్ పట్టుకున్నాడు. మెయిన్ స్విచ్ ప్యానెల్ ముందు అంచు దగ్గర పాత ఏటీఎం కార్డు దూర్చి లేపితే క్లిప్ వదిలింది, స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే ప్లాస్టిక్ మీద గాట్లు పడతాయి. కప్లర్ నాలిక నొక్కి లాగాను.

విప్పే ముందు టెస్ట్ చేశాను. ముందు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో (రెండు చోట్ల మధ్య కరెంటుకి దారి ఉంటే శబ్దం చేస్తుంది), దిగే వైరు పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య. బీప్ అంది! ఒక్క క్షణం నా లెక్క తప్పిందేమో అనుకున్నాను. కానీ బీప్ మోడ్ పంపేది చాలా చిన్న కరెంటు, పది ఇరవై ఓమ్‌లు అడ్డం ఉన్నా కూడా బీప్ అంటుంది. మోటారు లాగేది ఆంపియర్లలో. అందుకని పాత ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, రెండు వైర్లు అతికించి టెస్ట్ ల్యాంప్ చేసుకున్నాను, అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు గుండా ఆ పిన్నుకి, ఎర్త్ పిన్ను బ్యాటరీ మైనస్‌కి. మిగతా కాంటాక్టుల మీద బల్బు తెల్లగా వెలిగింది, మన కాంటాక్ట్ మీద దీపం వత్తిలా ఎర్రగా, మినుకు మినుకుమంటూ. ఈ పని చేసేవాళ్లు మీటరు ఎంత ఖరీదుదైనా సరే ఒక బల్బు దగ్గర ఉంచుకోండి.

స్విచ్ విప్పడం ఓపిక పని. నాలుగు వైపులా చిన్న లాకులు, ఒక్కోటి లేపి అగ్గిపుల్ల దూర్చి పెట్టుకుంటూ వెళ్లాను, లేకపోతే రెండోది తీసేలోపు మొదటిది మళ్లీ పడిపోతుంది. లోపల బాల్‌పెన్ స్ప్రింగ్‌లో సగం ఉండే స్ప్రింగ్‌లు, వాటి మీద గుండ్రటి ప్లాస్టిక్ మొనలు, అవి ఎగిరాయంటే మళ్లీ దొరకవు, అందుకే పెద్ద పారదర్శక పాలిథిన్ కవర్‌లో చేతులు పెట్టి లోపలే విప్పాను. రెండు ఎగిరాయి, రెండూ కవర్‌లోనే పడ్డాయి. మా వాడు ప్రతి దశకీ ఫోటో తీశాడు.

ఈ స్విచ్ లోపల నిర్మాణం చాలా సులువు. ఒక్కో గ్లాసుకి రెండు రాగి రేకులు, పిల్లలు ఆడుకునే ఊగుడు బల్లలా మధ్యలో ఆనుకుని ఉంటాయి, ఒక చివర ఎర్త్ మీద, నొక్కితే రెండో చివర ప్లస్ మీద. చివర్లలో వెండి బొట్లు. మిగతావన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ఎడమ ముందు గ్లాసు రేకు ఎర్త్ వైపు మాత్రం నల్లగా మాడి, చుట్టూ రాగి పచ్చగా పొడి పొడిగా. కంపెనీ వాళ్లు వేసిన గ్రీజు ఎండి గట్టిపడి బంకలా ఉంది, అందులో సన్నటి ఇసుక. అది మావయ్య వాళ్ల ఊరి ఇసుకే, వేరే చెప్పక్కర్లేదు.

జూన్ 15, ఆదివారం

శుభ్రం చేసే రోజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, దూదిపుల్లలు. పచ్చ పొడి అంతా పోయింది, గ్రీజు కోసం రెండు సార్లు ముంచాల్సి వచ్చింది. వెండి బొట్టు మీద నలుపు ఇంట్లో వెండి పట్టీలు నల్లబడినట్టే, కొంచెం రుద్దితే వస్తుంది, కానీ ఇక్కడ స్పార్కులకి మాడిన మసి కూడా ఉంది. 2000 నెంబర్ వాటర్ పేపర్ (బాగా నున్నటి గరుకు కాగితం) సన్న ముక్క మడిచి, రెండు కాంటాక్టుల మధ్య పెట్టి, మెల్లగా నాలుగైదు సార్లు లాగాను అంతే. ఆకురాయి అసలు వాడకూడదు, వెండి పోయి రాగి బయటపడిందంటే ఆ కాంటాక్ట్ ఎక్కువ రోజులు ఉండదు.

గ్రీజు గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. బేరింగ్‌లకి పెట్టే పసుపు గ్రీజు స్విచ్‌లో పెట్టొద్దు. వేడికి కరుగుతుంది, స్పార్కుకి మాడి బొగ్గవుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. నేను సిలికాన్ గ్రీజు గోటి చివర అంత తీసుకుని ప్లాస్టిక్ రాసుకునే చోట మాత్రమే రాశాను, కాంటాక్టుల మీద కాదు.

బిగించాను. కప్లర్ పెట్టాను, బ్యాటరీ కలిపాను, నొక్కాను. ఎక్కింది! మా వాడు కిందకి పైకి పది సార్లు ఆడించాడు. అమ్మకి చూపిస్తే "ఇంక గొడుగు అక్కర్లేదన్నమాట" అంది.

జూన్ 20, శుక్రవారం

మళ్లీ ఆగిపోయింది. ఐదు రోజులు. ఉదయం నుంచీ నెమ్మదిగా ఎక్కుతోంది, సాయంత్రం పెట్రోల్ బంక్ దగ్గర సగంలో నిలబడిపోయింది. స్విచ్ ప్యానెల్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఎండ వేడి కాదు, ఎడమ గ్లాసు బటన్ దగ్గర మాత్రమే వేడి. ఇంటికొచ్చి విప్పాను, అదే కాంటాక్ట్, మళ్లీ నలుపు, ఈసారి ఇంకోటి కనిపించింది, ఆ రేకు కూర్చునే ప్లాస్టిక్ గాడి గోధుమ రంగుకి తిరిగి కొంచెం వంగింది. పోయిన వారం గ్రీజు మురికిలో ఇది నేను చూడలేదు. రేకు పక్కకి వాలి ఉంది, అందుకే పూర్తిగా ఆనట్లేదు.

మాడిన చోటు కడిగాను గానీ ఎందుకు మాడుతుందో చూడలేదు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

జూన్ 21, శనివారం

ఉదయాన్నే స్విచ్ జేబులో పెట్టుకుని, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు, అందరూ మేస్త్రీ అంటారు, ఆయన దగ్గరికి వెళ్లాను. డెబ్బై ఏళ్లుంటాయి. అద్దాలు పైకి జరుపుకుని స్విచ్‌ని వెలుతురులో తిప్పి చూశారు.

"మేస్త్రీ గారూ, స్విచ్ మార్చీమంటారా?"

"స్విచ్చి మార్చీడం ఎంతసేపు బాబూ, నిమిషం పని. గ్లాసు ఎలగ ఎక్కుతుందో సూసేవేటి? ఇరుసు పట్టీసిన బండికి ఎద్దుల్ని మారిస్తే ఏటి లాభం, కందెన ఎయ్యాల గానీ."

డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగారు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం తిరిగింది. కరెంటు కొలవాలి.

మా బావ సోలార్ ప్యానెళ్లు బిగిస్తాడు, వాడి దగ్గర డీసీ క్లాంప్ మీటర్ ఉంది, వైరు చుట్టూ పట్టిస్తే అందులో కరెంటు ఎంతో చెప్తుంది (ఇళ్ల వైరింగ్‌కి వాడే మామూలు క్లాంప్ మీటర్లలో చాలా వాటికి ఏసీ మాత్రమే తెలుస్తుంది, ఇక్కడ పనికిరాదు). స్విచ్‌ని మళ్లీ ఎలాగో బిగించి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గ్లాసు పైకి వెళ్లేటప్పుడు చూశాం. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. మోటారు కప్లర్ దగ్గర 9.4 మాత్రమే. కరెంటు 10.5 ఆంపియర్లు! పక్కన డ్రైవర్ గ్లాసు ఐదున్నరతో ఎక్కేస్తోంది. మన గ్లాసు పైకి చేరడానికి 9 సెకన్లు.

తర్వాత మీటర్ ఒక కాలు మెయిన్ స్విచ్ దిగే వైరు పిన్ను వెనక, ఇంకో కాలు బాడీ ఎర్త్ మీద పెట్టి గ్లాసు ఎక్కించాం. ఒక మంచి కాంటాక్ట్ అయితే ఇక్కడ దాదాపు సున్నా ఉండాలి. 2.8 వోల్టులు చూపించింది. ఇప్పుడు లెక్క వేయండి, 2.8 ఇంటూ 10.5 అంటే 29 వాట్ల పైన. నా సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే గ్లాసు ఎక్కిన ప్రతిసారీ ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక సోల్డరింగ్ ఐరన్ తొమ్మిది సెకన్లు పెడుతున్నట్టే. ప్లాస్టిక్ వంగక ఏం చేస్తుంది. వంగితే కాంటాక్ట్ వదులవుతుంది, వదులైతే ఇంకా వేడి, ఇంకా వేడైతే ఇంకా వంగుతుంది. 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఇదంతా చూస్తూ ఊరుకుంటుంది, ఎందుకంటే దాని హద్దు ఎక్కడా దాటలేదు.

జూన్ 22, ఆదివారం

ఇవాళ మొత్తం డోర్‌తోనే. ప్యాడ్ తీసి దాని వెనక ప్లాస్టిక్ షీట్ విడదీయబోతే, అది ముందే చిరిగి ఉంది, ఇంతకు ముందు ఎవరో స్పీకర్ పెట్టేటప్పుడు కోసేసి అలాగే వదిలేశారు. ఆ షీట్ ఊరికే పెట్టలేదు, గ్లాసు మీద నుంచి డోర్ లోపలికి జారే నీళ్లు ప్యాడ్ వైపు రాకుండా కిందకి పోవాలని. కింద నీళ్లు పోయే కన్నాలు మూడు. మూడూ మూసుకుపోయాయి. గళగళ మన్న సంగతి గుర్తుందా, సన్న స్క్రూడ్రైవర్ పెట్టి కెలికితే లీటరు పైనే నల్లటి నీళ్లు కారాయి, వాటితో కుళ్లిన జీడాకులు, కొబ్బరి పీచు, ఇసుక.

మావయ్యకి ఫోన్ చేశాను. "తిత్లీ రాత్రి బండి బయటే ఉండిపోయిందిరా అల్లుడూ, చెట్లు పడిపోతుంటే ఎవడు బయటికెల్తాడు, పొద్దున్న చూస్తే ఆకుల్లో కప్పడిపోయి ఉంది" అన్నారు. తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎంత పోయిందో మా జిల్లాలో అందరికీ తెలుసు, మావయ్య వాళ్ల తోట కూడా సగం పైన పోయింది. ఆయన గొంతులో ఆ మాట ఇప్పటికీ మామూలుగా రాదు. కారు బతకడమే గొప్ప అనుకుని డోర్‌లో ఆకుల సంగతి ఎవరు పట్టించుకుంటారు. ఏడేళ్లుగా ఆ తడి, ఆ ఉప్పు లోపలే ఉన్నాయి.

గ్లాసు జారే బీడింగ్, అంటే ఫ్రేమ్ లోపల మెత్తటి బట్ట అతికించి ఉండే రబ్బరు గాడి, దాన్ని పైనుంచి లాగి బయటకు తీశాను. అడుగున ఇసుక, బురద కలిసి సిమెంటులా గట్టిగా. రబ్బరు ఎండి గ్లాసుని పట్టేసుకుంటోంది. సబ్బు నీళ్లలో నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్ది, నీడలో ఆరబెట్టాను. చిరగలేదు కాబట్టి మళ్లీ అదే వాడాను. ఆరిన తర్వాత సిలికాన్ స్ప్రే. ఇక్కడ కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లని చూశాను, దయచేసి వద్దు, మొదట జారినట్టే ఉంటుంది, దుమ్ము పట్టి నెలకే ఇంకా బిగుసుకుంటుంది, ఇంజిన్ ఆయిల్‌కి రబ్బరు ఉబ్బుతుంది కూడా. గ్లాసుని లేపే కత్తెర కాళ్లకి, వాటి చిన్న చక్రాలకి మాత్రం తెల్ల లిథియం గ్రీజు పెట్టాను, అది లోహానికి.

ప్లాస్టిక్ షీట్ కొత్తది, మందపాటి పాలిథిన్ కోసి, పాత నల్లటి బంకనే వేడి చేసి అతికించాను. కింద కన్నాలు తెరిచే ఉంచాలి, అక్కడ ఏమీ అంటించకూడదు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు, మా ఆవిడ పెరుగన్నం గిన్నె కారు బానెట్ మీద పెట్టి వెళ్లింది.

సాయంత్రం డైరెక్ట్ బ్యాటరీ ఇచ్చి కొలిచాం. 5.8 ఆంపియర్లు. స్విచ్ ఇంకా ముట్టుకోనే లేదు, కరెంటు సగానికి దగ్గరగా పడిపోయింది. మేస్త్రీ గారి కందెన మాట ఇదే.

జూన్ 26, గురువారం

స్విచ్ వేట. కొత్తది ఒరిజినల్ ఆర్డర్ పెడితే 2,800 చెప్పారు, మూడు వారాలు. లోకల్ రకం 650కి వెంటనే దొరికింది, షాపులోనే అడిగి ఒకటి విప్పి చూశాను, రేకు పల్చగా ఉంది, చివర్లలో వెండి బొట్టు లేదు, ఉత్త ఇత్తడి. తీసుకోలేదు. విశాఖలో పాత బండ్లు విప్పే చోట బావ ఇదే మోడల్ స్విచ్ 300కి పట్టుకొచ్చాడు. పై బటన్లు విరిగిపోయి ఉన్నాయి, లోపల చూస్తే వెనక డోర్ల కాంటాక్టులు అద్దంలా ఉన్నాయి, ప్లాస్టిక్ గాడి ఎక్కడా వంగలేదు. దాని అడుగు భాగం, నా దాని పై బటన్లు. అలా చేద్దాం అని నిర్ణయం.

రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు, పెట్టు అని బావ చాలా సేపు వాదించాడు. అది కూడా మంచి పద్ధతే, ఒక్కో గ్లాసుకి ఐదు కాళ్ల రిలేలు రెండు, 30 నెంబర్ కాళ్లు మోటారు వైర్లకి, 87ఎ రెండూ ఎర్త్‌కి, 87 రెండూ ఫ్యూజ్ గుండా ప్లస్‌కి. అప్పుడు స్విచ్ మీద రిలే కాయిల్‌కి కావాల్సిన కొద్దిపాటి కరెంటే పడుతుంది. కానీ గ్లాసు ఐదారు ఆంపియర్లలో ఎక్కుతుంటే ఈ స్విచ్ తట్టుకోవడానికే తయారైంది, డోర్‌లో ఇంకో నాలుగు అతుకులు, ఉప్పు గాలికి ఇంకో పది పిన్నులు ఎందుకు. నేను పెట్టలేదు. బిగుసుకున్న గ్లాసుకి రిలే పెడితే స్విచ్ బతుకుతుంది గానీ మోటారు పోతుంది.

జూన్ 28, శనివారం

రెండు స్విచ్‌లూ విప్పి, తెచ్చిన దాని కాంటాక్టులన్నీ ఆల్కహాల్‌తో కడిగి, సరిగ్గా రెండు గంటల్లో కలిపేశాను, చెయ్యి అలవాటైంది. అమ్మ వైపు చిన్న స్విచ్ కూడా పనిలో పనిగా శుభ్రం చేశాను. లెక్కలు:

బ్యాటరీ 14.1 వోల్టులు, మోటారు దగ్గర 12.8. కరెంటు 5.8 ఆంపియర్లు. ఆ కాంటాక్ట్ మీద 0.15 వోల్టులు, అంటే ఒక వాట్ కూడా లేదు. గ్లాసు పైకి 4 సెకన్లు. వరసగా పదిహేను సార్లు ఎక్కించి దించి ప్యానెల్ మీద చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది.

డ్రైవర్ డోర్‌లోకి వాన నీళ్లు స్విచ్ మీదే పడుతుంటాయి కదా, టోల్ గేట్ దగ్గరా పార్కింగ్ దగ్గరా గ్లాసు దించినప్పుడల్లా, అందుకని ప్యానెల్ కింద ఒక రబ్బరు ముక్క వాలుగా అతికించాను, నీరు కప్లర్ మీద కాకుండా పక్కకి పోయేలా.

జూన్ 29, ఆదివారం

వెనక ఎడమ డోర్ గ్లాసు వేరే జబ్బు. డోర్ సగం తెరిచి పట్టుకుంటే పని చేస్తుంది, వేస్తే పని చేయదు. ఇలా ఉంటే స్విచ్ వైపు చూడక్కర్లేదు, డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం లోపల వైరు తెగినట్టే. రబ్బరు వెనక్కి లాగితే ఒక వైరు పై తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది, చేత్తో లాగితే తొడుగు రబ్బరులా సాగింది. కొత్త ముక్క కలిపి రెండు చోట్లా సోల్డర్ చేశాను. అతుకులు వంగే చోట రాకూడదు, సోల్డర్ వేసిన వైరు గట్టిపడి అక్కడే మళ్లీ విరుగుతుంది, అందుకని ఒకటి డోర్ లోపల, ఒకటి బాడీ లోపల పడేలా పొడుగు ముక్క వేశాను. గంట పని.

జూలై 6, ఆదివారం

కారు మావయ్యకి చూపించాలని అమ్మని తీసుకుని ఉద్దానం వెళ్లాం. మడపాం దగ్గర వంశధార వంతెన మీదకి రాగానే అమ్మ గ్లాసు దించింది, నది గాలి కావాలని, నరసన్నపేట దగ్గర చినుకులు పడితే తనే ఎత్తేసింది, నన్ను అడగలేదు.

మావయ్య డోర్ తెరిచి వేసి చెవి పెట్టి విన్నారు, గళగళ లేదు. తర్వాత ఎడమ సీట్లో కూర్చుని గ్లాసు రెండు సార్లు ఎక్కించి దించారు, ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి ఒక పాత బొంత తెచ్చి బండి మీద కప్పారు, సముద్రం గాలి తగులుతుంది అని. తిరుగు ప్రయాణంలో ఆయన ఒక సంచి జీడిపప్పు ఇచ్చి అందులో సగం మేస్త్రీ గారికి అన్నారు. రేపు ఉదయం ఏడు రోడ్ల జంక్షన్ మీదుగానే ఆఫీసుకి వెళ్తాను.

కుడి వైపు రెండు డోర్ల కింద కన్నాలు ఇంకా చూడలేదు. అవి వచ్చే శనివారం.